రోగిని చూడకుండా రోగం కనిపెట్టడం ఎలా?

అమ్మాయీ, తాయిల్పట్టి నుంచి ఎం.బి.బి.ఎస్.కి వెళ్తున్నావని విన్నాను. సంతోషం. సర్కారు బడుల్లో చదివినవాళ్ళకు వైద్య విద్యలో ఏడున్నర శాతం సీట్లు విడిగా ఇవ్వాలని తమిళనాడు 2020లో చట్టం చేశాక మన కరిసల్ (నల్లరేగడి) పల్లెల్లో ఇలాంటి కబుర్లు అప్పుడప్పుడూ వినపడుతున్నాయి. కాలేజీలకూ కొదవ లేదు. 2022 జనవరి 12న రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభించిన 11 ప్రభుత్వ వైద్య కళాశాలల్లో మన విరుదునగర్‌ది ఒకటి. నీకు తెల్లకోటు కుట్టించేవాళ్ళు, స్టెతస్కోపు కొనిపెట్టేవాళ్ళు ఎలాగూ ఉంటారు. నా వంతు సలహాలు. ఖర్చులేని కానుక ఇదొక్కటే.

నాలుగున్నరేళ్ళ చదువు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్సీ. ఈ అయిదున్నరేళ్ళూ ఒళ్ళు దగ్గర పెట్టుకోకపోతే నీకు డయాగ్నసిస్ వచ్చేసే ప్రమాదం ఉంది. వస్తే ఇక పోదు. బస్సులో పక్క సీటువాడి గోళ్ళు చూసినా, పెళ్ళిలో పెదనాన్న నడక చూసినా మనసు ఊరుకోదు. అందుకే ముందుగానే హెచ్చరిస్తున్నాను.

నీకున్న పెద్ద అడ్డంకి నీ ఊరే. నీకు చాలా తెలుసు. టపాకాయల ఫ్యాక్టరీ నుంచి సాయంత్రం వచ్చిన మీ అత్త ఎంత తోముకున్నా అరచేతి గీతల్లో వెండిరంగు మిగిలిపోతుందనీ, అది అల్యూమినియం పొడి అనీ నీకు తెలుసు. రసాయనాలు కలిపే గదిలో పనిచేసేవాళ్ళు ఎవరో, వత్తులు దూర్చేవాళ్ళు ఎవరో, పెట్టెల్లో సర్దేవాళ్ళు ఎవరో దగ్గు విని చెప్పగలవు. పత్తికి పురుగుమందు కొట్టే రోజుల్లో మధ్యాహ్నానికి చొంగ కార్చుకుంటూ, చెమటలు కక్కుతూ గట్టున కూలబడ్డ మనిషిని చూసే ఉంటావు. ఉక్కపోతకు జనం చాప వేసుకుని నేలమీదే పడుకుంటారని నీకెవరూ చెప్పనక్కర్లేదు. ఇదంతా కాలేజీ గేటు బయటే వదిలిపెట్టు. పట్నంలో పుట్టినవాళ్ళకు ఈ బరువు లేదు, వాళ్ళు హాయిగా పుస్తకంతోనే మొదలుపెడతారు.

రోగి ఏం పని చేస్తాడో మాత్రం చచ్చినా అడగకు. ఇటలీలో రామజ్జీని అని ఒక డాక్టరుండేవాడు. మరుగుదొడ్లు శుభ్రంచేసేవాళ్ళ కళ్ళెందుకు పాడవుతున్నాయో, కుమ్మరుల చేతులెందుకు వణుకుతున్నాయో చూస్తూ తిరిగి, 1700లో పనివాళ్ళ జబ్బుల మీద పుస్తకమే రాశాడు. పాతకాలం వైద్యులు రోగిని అడిగే ప్రశ్నలకు ఇంకొకటి చేర్చమన్నాడు: నువ్వు చేసే పనేమిటి? మూడువందల ఏళ్ళు దాటినా ఆ ప్రశ్నకు మన ఓపీ చీటీలో జాగా లేదు. పేరు, వయసు, ఆడా మగా, బరువు, అంతే. ఆ సంప్రదాయాన్ని నువ్వు చెడగొట్టకు. ఎడిన్‌బరోలో జోసెఫ్ బెల్ అనే సర్జను, రోగి నోరు విప్పకముందే అతని వృత్తి ఏమిటో, ఎక్కణ్ణుంచి వచ్చాడో చెప్పేవాడట. ఆయన శిష్యుడు కానన్ డాయల్ ఆ గురువునే నమూనాగా పెట్టుకుని 1887లో షెర్లాక్ హోమ్స్‌ను పుట్టించాడు. ఆ కథలు హాస్టల్లో చదువుకో. వార్డుకు మాత్రం వెంట తీసుకురాకు.

పని అడిగితే వచ్చే తంటా ఎలాంటిదో చెబుతాను. ఉన్నట్టుండి కాళ్ళూ చేతులూ చచ్చుపడిన కుర్రాణ్ణి మోసుకొస్తారు. అంతకు ముందు వాంతులు, విరేచనాలు. నువ్వు బుద్ధిగా నరాల పుస్తకం తెరిచి, పెద్ద పెద్ద పేర్లు రాసుకుని, స్కానింగుకు పంపాలి. అలా కాకుండా, "ఇంట్లో గొడవేమైనా జరిగిందా? మతాబుల మందు ఏమైనా మింగాడా?" అని వాళ్ళమ్మను పక్కకు పిలిచి మన భాషలో అడిగావనుకో, ఆమె ఏడుస్తూ ఔనంటుంది. మతాబుల్లో వాడే బేరియం లవణం కడుపులోకి వెళితే నెత్తుట్లో పొటాషియం పడిపోతుంది, కండరాలు వదులైపోతాయి. టపాకాయల్లో బేరియం వాడొద్దని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. అయినా ఆ పేరు మన చుట్టుపక్కల చిన్న పిల్లలకు కూడా తెలుసు. వెంటనే పొటాషియం చూసి, ఎక్కించడం మొదలుపెడితే ఆ కుర్రాడు తేరుకునే అవకాశం ఉంది. స్కానింగ్ సెంటరువాడి నష్టాన్ని ఎవరు పూడుస్తారు?

ఇక మాట. రోగిని మాట్లాడనిస్తే పని తెమలదు. అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు 1984లో లెక్కతీస్తే, రోగి తన బాధ చెప్పడం మొదలెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్లు అడ్డం పడుతున్నారని తేలింది. అది అమెరికా లెక్క, తీరిక ఉన్న దేశం. మన ఓపీలో లైను వరండా దాటి వేపచెట్టు దాకా ఉంటుంది. నువ్వు ఇంకా బాగా చేయగలవు.

ఒక ముసలామె వస్తుంది.

"ఏమవ్వా?"

"రొమ్ము నడిమధ్య బండ పెట్టినట్టు ఉంటాదమ్మా..."

ఇక్కడ ఆపెయ్. గ్యాస్ అని రాసి, రానిటిడిన్ కాలం పోయింది కాబట్టి పాంటాప్రజోల్ ఇచ్చి, తర్వాతి చీటీ పిలువు. ఆపకపోతే ఆమె ఏమంటుందో తెలుసా? "మిట్ట ఎక్కేటప్పుడు వస్తాది, నిలబడితే పోతాది. ఎడమచెయ్యి కూడా గుంజుతాది." ఈ రెండో వాక్యం వినడమే ప్రమాదం. విలియం హెబర్డెన్ 1768లో లండన్‌లో వైద్యుల సభలో చదివిన వ్యాసంలో ఉన్నది ఇంచుమించు ఈ అవ్వ మాటలే: నడిస్తే రొమ్ములో బిగింపు, ఆగితే మాయం. దానికి ఆంజైనా అని పేరు పెట్టాడు. ఈసీజీ యంత్రం పుట్టడానికి అప్పటికింకా 130 ఏళ్ళకు పైగా ఉంది. ఆయన చేతిలో ఉన్నవి రోగుల మాటలు మాత్రమే. ఆ అవ్వ మాటలు పూర్తిగా విన్నావంటే ఆమెను ఈసీజీకి పంపాలి, నెత్తురు పలచబరిచే మాత్ర ఇవ్వాలి, పెద్దాసుపత్రికి ఫోన్ చెయ్యాలి. పాంటాప్రజోల్ రాస్తే ఒక్క గీతతో అయిపోయేది.

1975లో ఇంగ్లండులో హాంప్టన్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు కలిసి 80 మంది కొత్త రోగులను తీసుకుని, ఏ దశలో జబ్బు తేలిందో రాసుకున్నారు. 66 మందికి, వాళ్ళు చెప్పింది వినడం, వెంట తెచ్చిన చీటీ చదవడంతోనే సరైన నిర్ణయం అయిపోయింది. చేత్తో పరీక్షించడం వల్ల అభిప్రాయం మారింది ఏడుగురికి, లేబరేటరీ వల్ల ఇంకో ఏడుగురికి. ఈ లెక్క నీ కంట పడనివ్వకు. పడితే మన జిల్లాలో ల్యాబ్ పెట్టినవాళ్ళ ముఖం చూడలేవు.

భాష సంగతి ఇంకా సున్నితం. నువ్వు ఇంట్లో తెలుగు మాట్లాడతావు, బళ్ళో తమిళం రాశావు, రేపట్నుంచి కేసు షీటు ఇంగ్లీషులో. వార్డులో సాత్తూరు దగ్గరి ముసలమ్మ ఎవరో తమిళంలో మొదలుపెట్టి, నొప్పి ఎక్కువయ్యేసరికి తెలుగులోకి జారిపోతుంది. అప్పుడు నువ్వు తల ఎత్తకు. నీకూ తెలుగొచ్చని తెలిసిందా, నిన్ను మనవరాల్ని చూసినట్టు చూసి, కొడుకు ముందు చెప్పనివి, పెద్ద డాక్టరుకు చెప్పనివి అన్నీ చెప్పేస్తుంది. నెల రోజులుగా తెల్లబట్ట అవుతున్న సంగతి, షుగరు మాత్రలు మానేసి నాటుమందు తాగుతున్న సంగతి, కోడలు అన్నం పెట్టని సంగతి. ఇన్ని తెలిశాక డయాగ్నసిస్ రాకుండా ఎలా ఆపగలవు? 2019లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక మొదటి నెల ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష కూడా నేర్పమంది. ఆ తర్వాత విద్యార్థులు పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చదువు పొడుగునా చూస్తూ ఉండాలనే నియమం కూడా వచ్చింది. భయపడకు. గుమ్మం ముందు ఫోటో దిగి, బీపీ చూసి, సంతకం పెట్టించుకుని వచ్చేస్తే అదీ గట్టెక్కుతుంది.

రోగిని తాకడం మరీ మోటు పని. ఆస్ట్రియాలో సత్రం నడిపేవాడి కొడుకు ఆవెన్‌బ్రుగ్గర్, తండ్రి పీపాలను తట్టి సారాయి ఎంత ఉందో చెప్పడం చూసి, రోగుల రొమ్ములు తట్టడం మొదలెట్టాడంటారు. 1761లో దానిమీద చిన్న పుస్తకం రాస్తే దాదాపు యాభై ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. చూశావా, లోకం ఎంత తెలివైనదో. 1808లో నెపోలియన్ వైద్యుడు కొర్విసార్ దాన్ని ఫ్రెంచిలో పెట్టి మళ్ళీ అంటించాడు. ఆయన శిష్యుడు లాయెనెక్ 1816లో కాగితం చుట్టి ఒక అమ్మాయి గుండె విన్నాడు, స్టెతస్కోపు అక్కణ్ణుంచి వచ్చింది. నువ్వు దాన్ని మెడలో వేసుకో. చెవుల్లో పెట్టుకోవాలని ఎవరూ బలవంతం చెయ్యరు. సెల్ఫీలో బాగుంటుంది.

బట్టలు పక్కకు జరిపి చూడటం అంతకంటే తప్పు. నాలుగు చినుకులు పడి చలి మొదలయ్యాక తమిళనాడంతా జ్వరాలు వస్తాయి. కంప చెట్లు కొట్టడానికో, గొర్రెల వెంటో తిరిగిన మనిషి వారం రోజుల జ్వరంతో, విపరీతమైన తలనొప్పితో వస్తాడు. అతని చంకలోనో, గజ్జల్లోనో, ఆడవాళ్ళయితే రొమ్ము కిందనో చాలాసార్లు ఒక చిన్న నల్లటి పెచ్చు ఉంటుంది. సిగరెట్టుతో చురక పెట్టినట్టు గుండ్రంగా, అంచు ఎర్రగా ఉంటుంది. నొప్పి పుట్టదు కాబట్టి ఉన్నట్టు అతనికే తెలియదు. అది నల్లి జాతి పురుగు పిల్ల కుట్టిన చోటు. దాన్ని చూస్తే స్క్రబ్ టైఫస్ అని అర్థం. చవక మందు డాక్సీసైక్లిన్ వేస్తే సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. చూడకపోతే కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతిని ఐసీయూ దాకా వెళ్ళవచ్చు. తెర లాగి, ఆయమ్మను పక్కన నిలబెట్టి, చొక్కా విప్పించి చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల్లో విడాల్ పరీక్షకు చీటీ రాయొచ్చు.

విడాల్ ఉండగా మనకు లోటేమిటి! 1896 నుంచీ ఉన్న పరీక్ష. ఒక్కసారి చేసిన విడాల్‌ను నమ్మి టైఫాయిడ్ అనకూడదని పుస్తకాలు మొత్తుకుంటూనే ఉన్నాయి. ఎప్పుడో వచ్చి పోయిన జబ్బుకూ, టీకాకూ, వేరే జ్వరాలకూ కూడా అది పాజిటివ్ చూపవచ్చు. అయినా కాగితం మీద పాజిటివ్ అని అచ్చు పడితే ఎవరికైనా ఎంత తృప్తి! రోగికి తృప్తి, మెడికల్ షాపుకు తృప్తి, నీకు తృప్తి. అసలు జబ్బు ఒక్కటే కాస్త నిరాశపడుతుంది.

తెల్లవారుజామున వచ్చే కడుపునొప్పిని అసలు లెక్కచెయ్యకు. నేలమీద పడుకున్న ఆరోగ్యంగా ఉన్న మనిషి నాలుగు గంటలకు లేచి కడుపు నొస్తా ఉందంటాడు. ఒంటిమీద గాయం కనపడదు. అజీర్ణం అని సూది వేసి పంపేస్తే పనైపోయింది. పంపకుండా కూర్చోబెట్టి ముఖం వంక చూస్తే కాసేపటికి కనురెప్పలు బరువెక్కి వాలడం మొదలవుతుంది, మాట ముద్దవుతుంది. కట్లపాము కాటు అలాగే ఉంటుంది. కాటు పడ్డచోట నొప్పి ఉండదు, వాపు ఉండదు, పళ్ళ గుర్తు చాలాసార్లు దొరకదు. ఊపిరి కండరాలు చచ్చుపడేలోగా మందు పడాలి. రక్తపింజరి అయితే ఇంకో సంగతి: శుభ్రంగా, పొడిగా ఉన్న కొత్త గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల నెత్తురు పోసి, కదపకుండా 20 నిమిషాలు పెట్టి, ఒంచి చూస్తారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టు. దీనికి కరెంటు కూడా అక్కర్లేదు. మిషను లేని పరీక్షకు గౌరవం ఉండదు కాబట్టి దాన్ని నేర్చుకోకు.

అన్నిటికంటే ముఖ్యమైన సలహా: రోగి బాగున్నానంటే నమ్ము. ఎలుకల మందు పేస్టు మింగిన అమ్మాయి మొదటి రోజు వాంతులు చేసుకుంటుంది. రెండో రోజుకు లేచి కూర్చుంటుంది, ఇడ్లీ అడుగుతుంది, ఇంటికి పోతానంటుంది. పంపెయ్. పచ్చ భాస్వరం కలిసిన పేస్టు అయితే మూడో రోజో, నాలుగో రోజో కళ్ళు పచ్చబడి, లివరు దెబ్బతిని మళ్ళీ తెస్తారు. అప్పటికి డ్యూటీ డాక్టరు మారి ఉంటాడు. మధ్యలో వచ్చే ఆ మంచి రోజు గురించి తెలిసిన డాక్టరు మాత్రం ఆమెను మంచం దిగనివ్వడు, రోజూ లివరు పరీక్ష చేయిస్తాడు. బంధువుల తిట్లు తింటాడు.

చదువు విషయానికొస్తే, హౌస్ సర్జన్సీ ఏడాది వార్డులో వృథా చేసుకోకు. పీజీ ప్రవేశ పరీక్షలో 200 ప్రశ్నలుంటాయి. అక్కడ రోగి నాలుగు జవాబులు వెంటబెట్టుకుని వస్తాడు, అందులో ఒకటి తప్పకుండా సరైనది. తాయిల్పట్టి బస్టాపులో ఎక్కేవాడు అలా రాడు. వాడికి షుగరు, రక్తహీనత, అప్పు, దగ్గు కలిసి ఉంటాయి, అవేవీ ఎ, బి, సి, డి అని విడివిడిగా ఉండవు. అలాంటివాడి దగ్గర కూర్చుంటే నీ ర్యాంకు పోతుంది.

ఇంతచెప్పినా నీకు ఎవరో ఒకరు వడమలాపురం కథ చెబుతారు, అందుకే దానికీ జవాబు ఇచ్చి పెడుతున్నాను. ఎట్టయపురం దగ్గరి ఆ పల్లెలో 1918లో ఒక పిల్లవాడు పుట్టాడు, మనలాగే నల్లరేగడి నేల బిడ్డ, గోవిందప్ప వెంకటస్వామి. మద్రాసులో డాక్టరీ చదివి, సైన్యంలో పనిచేస్తూ కీళ్ళవాతం పాలై, వేళ్ళు వంకరపోయి, ఏడాదికి పైగా మంచాన పడ్డాడు. కాన్పుల డాక్టరు కావాలనుకున్న మనిషి కళ్ళ డాక్టరయ్యాడు. ఆ వంకర వేళ్ళకే కత్తి పట్టడం నేర్పి లక్షకు పైగా ఆపరేషన్లు చేశాడు. శుక్లం వచ్చినవాళ్ళు పట్నానికి రాలేరని తెలిసి తనే పల్లెలకు వెళ్ళి, బడి వరండాల్లో వరసగా కూర్చోబెట్టి కళ్ళు చూసే క్యాంపులు నడిపాడు. సర్కారు కొలువు నుంచి 1976లో రిటైరై మధురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టాడు. ఇప్పుడది ప్రపంచంలోనే పెద్ద కంటి ఆసుపత్రుల్లో ఒకటి. బాగానే ఉంది. కానీ ఆయన చెడు ఉదాహరణ. అలాంటి చేతులతో అంత పని చేస్తే, నిక్షేపంలాంటి చేతులున్నవాళ్ళు రోగిని ఎందుకు తాకలేదో సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇవీ నా సలహాలు. పాటిస్తే నీకు ఇబ్బంది రాదు. ఇబ్బంది పడేవాళ్ళు చీటీ పట్టుకుని బయట నిలబడి ఉంటారు.

వాళ్ళతో కూడా ఒక మాట చెప్పాలి. ఇది చదువుతున్నది తాయిల్పట్టిలో గానీ, సాత్తూరులో గానీ, కోవిల్‌పట్టిలో గానీ ఉన్నవాళ్ళయితే, ఈ సలహాలు తు.చ. తప్పకుండా పాటించిన డాక్టరు మీకు ఏదో ఒక రోజు ఎదురవుతాడు. ఆయన అడగకపోయినా మీరే చెప్పండి: ఏం పని చేస్తారో, ఫ్యాక్టరీలో ఏ గదిలో ఉంటారో, రాత్రి ఎక్కడ పడుకున్నారో, నొప్పి ఏం చేస్తే వస్తుందో, ఏం చేస్తే పోతుందో. ఇంట్లో ఎవరైనా విషం తాగితే ఆ ట్యూబో, డబ్బానో ఖాళీదైనా సరే సంచిలో వేసి వెంట తీసుకెళ్ళండి. రెండో రోజు బాగున్నానన్నా ఇంటికి తీసుకురాకండి.